పాత ఫైబరు పడవ అడుగును బాగుచేయు విధము

(వేట నిషేధ కాలమున ఒక తీరగ్రామపు మత్స్యకారుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేట ఆగిన దినములలో మిమ్ములను కలిసికొనుట మాకు రెండు విధముల అనుకూలముగ నున్నది. మొదటిది, మీరందరును ఒడ్డున నున్నారు. రెండవది, పడవలును ఒడ్డుననే యున్నవి. మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకును, ఇంజను బిగించిన పడవలకును వేట నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమును కాపాడుటకై ఏర్పడిన ఈ విరామము పడవలను బాగుచేసికొనుటకు గూడ తగిన కాలము. ఎండ మెండుగ నుండును, వాన అరుదు, మరునాడు వేటకు పోవలెనను తొందర యుండదు. వలలు అల్లుకొనుటకు ఈ దినములను మీరు చక్కగ వినియోగించుకొనుచున్నారు. పడవ అడుగు మాట వచ్చునప్పటికి మాత్రము ఒక డబ్బా లప్పము, ఒక డబ్బా రంగు తెచ్చి పని ముగిసినదనుకొనుచున్నాము. ఈ దినమున మేము ముచ్చటింపదలచినది ఆ విషయమునే.

కడచిన సంవత్సరము ఇట్టి దినములలోనే శ్రీకాకుళం జిల్లా తీరమున ఒక పల్లెకు మేము పోయియుంటిమి. అక్కడ అన్నదమ్ములిద్దరు ఒక పాత ఫైబరు పడవను కొనియుండిరి. తెరచాప కట్టుటకు కొయ్యయు, చిన్న ఇంజను తగిలించుటకు వెనుక పలకయు గల పడవ అది. కొత్తదాని వెలలో మూడవ వంతుకే వచ్చినదని వారికి సంతోషము. నీలి రంగు నిగనిగలాడుచున్నది. మేము పడవ చుట్టు తిరుగుచు రూపాయి బిళ్ళతో అడుగు పొడవునా తట్టుచుండగా తమ్ముడు నవ్వి, “రంగు కొత్తగా ఉంది గదా బాబూ, ఇంకేటి చూడాల?” అనెను. వారి తల్లి మాత్రము ఇసుకలో కూర్చుండి వలను విడదీయుచు, తల యెత్తకయే, “తట్టనీరా. రంగేసినోడు లోపలేటి దాచినాడో” అనెను.

ఆ తల్లి అన్న మాటయే నిజమైనది. ముందు భాగమునకు దిగువగా, అలలలో ఇసుకపైకి ఎక్కునపుడు మొదట తగులు చోట, బిళ్ళ శబ్దము మారినది. మంచి ఫైబరు గట్టిగ, కంచుమూతపై తట్టినట్లు పలుకును. ఆ చోట పచ్చి గుమ్మడికాయపై తట్టినట్లు మొద్దుగ పలికినది. రంగు గీచి చూచితిమి. రంగు క్రింద లప్పము, లప్పము క్రింద మరల లప్పము. నూలుపోగంత ఫైబరైనను లేదు. అది ఊడి చేతిలోనికి రాగా అరచేయంత రంధ్రము బయటపడినది. అంచులు నల్లబడి, తడిగా, పీచుపీచుగ నుండెను. ఆ పడవతో అన్నదమ్ములు మరి ఇద్దరిని వెంటబెట్టుకొని సముద్రములోనికి పోవలసియుండిరి. ఒడ్డున విరుచుకొనిపడు కెరటములను దాటునపుడు లప్పపు బిళ్ళ ఒకటి ఊడిపోయిన ఏమగునో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇట్టి పొరపాటు తెలివిలేక జరుగునది కాదు. అలవాటు మారుటచే జరుగునది. మన పెద్దలకు చెక్క పడవ గుణము బాగుగ తెలియును. పలకల సందులలో పీచు కూరి, గుగ్గిలము పట్టించి, నీటిలో దింపినచో చెక్క ఉబ్బి సందులు తామే మూసికొనును. చెక్క పుచ్చినచో గోటితో గ్రుచ్చి తెలిసికొనవచ్చును. ఫైబరు అట్లు కాదు. నీటిలో నానినంత మాత్రమున అది ఉబ్బి సందును మూయదు. లోపల పొరలు విడిపోయినను పైకి నున్నగ కనబడును. 1942లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున రే గ్రీన్ అనునతడు ఫైబరుతో చిన్న పడవ చేసెను. ఆ తరువాత ఈ వస్తువు ప్రపంచమంతటను వ్యాపించినది. మన తీరమున 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట ఫైబరు పడవలు బహుళముగ వచ్చినవి. పడవ వచ్చినంత వేగముగ దానిని బాగుచేయు విద్య రాలేదు.

ఇంతకును ఫైబరనగా నేమి? సన్నని గాజు పోగులను రెసిన్ అను జిగురుతో తడిపి, పొరమీద పొర పరచి గట్టిపరచినది. బలము గాజు పోగులది. వానిని కదలకుండ పట్టి యుంచుట జిగురు పని. మట్టి గోడలో గడ్డి కలుపుట ఎందులకో మీ రెరుగుదురు. గడ్డి లేని మట్టి పగులును. పోగు లేని లప్పము గూడ అట్లే పగులును. లప్పము గీతలను నింపుటకు, నునుపు చేయుటకు పనికివచ్చును. రంధ్రమును మూయుటకు పనికిరాదు.

పాత పడవ కొనదలచినవారు రంగును చూడరాదు, బరువును చూడవలెను. అదే కొలతగల పడవను నలుగురు ఎత్తగలుగుచుండగా దీనికి ఆరుగురు కావలసివచ్చినచో లోపల ఎక్కడనో నీరు చేరియున్నదన్నమాట. అడుగంతయు జానెడు జానెడు దూరమున తట్టుచు పోవలెను. శబ్దము మారిన చోట సుద్దతో గుర్తు పెట్టవలెను. సాలెగూడు వలె ఒక చోటునుండి నలువైపులకు సన్నని పగుళ్ళు పోయినచో అక్కడ గట్టి దెబ్బ తగిలినదని గ్రహించి, లోపలి వైపునను అదే చోటును చూడవలెను. తెరచాప కొయ్య నిలుచు చోటును మరువరాదు. గాలి పట్టినపుడు తెరచాప లాగుడంతయు కొయ్య మొదటికి దిగి పడవ అడుగును నొక్కును. అక్కడ క్రింద చెక్క దిమ్మ లేక, కొయ్య నేరుగా ఫైబరుపైననే నిలిచినచో పగులు వచ్చి తీరును. ఇంజను తగిలించు వెనుక పలకలో సాధారణముగ ప్లైవుడ్ ఉండును. ఒక మరమేకు విప్పి చూచినచో రంధ్రమునుండి నల్లని నీరు కారినయెడల లోపలి చెక్క కుళ్ళినది. పలక కుళ్ళి, లోపలి అడ్డకట్లు ఊడి, అడుగు అడ్డముగ పగిలిన పడవను ఉచితముగ ఇచ్చినను తీసికొనవద్దనియే మా సలహా. పడవ రిజిస్ట్రేషను కాగితము మీ పేరునకు మారనిదే పూర్తి సొమ్ము చెల్లింపవద్దనియు చెప్పుచున్నాము.

ఇక బాగుచేయు పని. పడవను బోర్లించి, దెబ్బతిన్న చోటు ఆకాశమువైపు ఉండునట్లు చేసికొనవలెను. క్రింద పరుండి పైకి జిగురు పూయువాని అతుకు క్రిందికి జారును, జిగురు కంటిలో పడును. తరువాత మంచినీటితో పలుమారులు కడుగవలెను. సముద్రపు నీటితో కడిగిన ప్రయోజనము లేదు. పొరలలో ఉప్పు నిలిచినంతకాలము అది గాలిలోని చెమ్మను పీల్చుచునే యుండును.

కడిగిన పిదప మెత్తబడిన ఫైబరునంతను కోసి తీసివేయవలెను. ఇక్కడనే చాలమందికి చేయి రాదు. చిన్న రంధ్రమును మనమే పెద్దది చేయుచున్నామేమి అని తోచును. శ్రీకాకుళం తమ్ముడు గూడ గ్రైండరు పట్టుకొని ఇట్లే నిలిచిపోయెను. మెత్తని భాగమునకు వేసిన అతుకు పుండుపై కట్టిన కట్టు వంటిది. లోపల చీము అట్లే యుండును. తట్టినపుడు గట్టిగ పలుకు చోటు వచ్చువరకు కోయవలసినదే.

తరువాత అంచును ఏటవాలుగ చెక్కవలెను. ఈ పనిలో ముఖ్యమైన కొలత ఇది: మందమునకు పండ్రెండు రెట్లు వాలు. పడవ అడుగు 6 మిల్లీమీటర్ల మందమున్నచో రంధ్రము చుట్టు 72 మిల్లీమీటర్ల వెడల్పున, అనగా నాలుగు వ్రేళ్ళ వెడల్పున, క్రమముగ పలుచబడునట్లు రాయవలెను. అట్లయిన 10 సెంటీమీటర్ల రంధ్రమునకు అతుకు సుమారు 24 సెంటీమీటర్లు, అనగా జానెడు కంటె పెద్దదిగ, నుండును. కొత్త ఫైబరు పాతదానితో కరిగి కలిసిపోదు. అంటుకొని మాత్రమే యుండును. అంటుకొను మేర ఎంత విశాలమైన అంత బలము. నిట్టనిలువు అంచునకు అంటించిన బిళ్ళ ఒక్క కెరటము దెబ్బకు ఊడును.

రాచునపుడు లేచు దుమ్ము గాజు దుమ్ము. ముక్కునకు నోటికి మంచి మాస్కు, కండ్లకు అద్దములు, నిండు చేతుల చొక్కా లేనిదే ఈ పనికి పూనుకొనరాదు. పిల్లలను దగ్గరకు రానీయకుడు. దుమ్ము ఒంటికి అంటి దురద పుట్టినచో రుద్దక, చల్లని నీటితో కడుగుకొనుడు.

రాచిన చోటును ఆరనీయవలెను. ఎన్ని దినములని మీరడుగుదురు. దినములు లెక్కింపకుడు, దీనిని పరీక్షించుడు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితమును ఆ చోటుపై పరచి నాలుగంచులను టేపుతో మూసి, ఎండలో ఒక దినము ఉంచుడు. కాగితము లోపలివైపున చెమ్మ బిందువులు పట్టినచో ఇంకను ఆరలేదు. మేము చెప్పిన పల్లెలో ఈ పరీక్ష మూడు మారులు తప్పినది. నాలుగవ మారు నెగ్గినది. ఆ మధ్య దినములలో పెద్దవానికి ఓపిక నశించి, “ఇంక రాసేద్దాం బాబూ” అని మమ్ము తొందరపెట్టెను. తడిపై జిగురు పూసిన అది అంటదు. అంటినట్లు కనబడి తరువాత ఊడును, అదియే దాని మోసము.

ఇప్పుడు జిగురు మాట. ఇది జాగ్రత్తగ వినవలసిన భాగము. అంగడిలో సామాన్యముగ దొరకునది పాలిస్టరు రెసిన్. దానితోపాటు రెండు సీసాలు ఇత్తురు. ఒకటి కోబాల్టు, రెండవది హార్డ్‌నరు. కొన్ని రెసిన్లలో కోబాల్టును ముందే కలిపి అమ్ముదురు, అడిగి తెలిసికొనుడు. ఈ రెండింటిని ఎన్నడును నేరుగా ఒకదానితో నొకటి కలుపరాదు. కలిపినచో మంట లేచును, ప్రేలుడు సంభవించును. మొదట కోబాల్టును రెసిన్‌లో వేసి బాగుగ కలిపి, పని మొదలిడునపుడు మాత్రమే హార్డ్‌నరు వేయవలెను. రెండు సీసాలను ఒక పెట్టెలో, ఒక సంచిలో ఉంచవద్దు. హార్డ్‌నరు కంటిలో పడిన చూపు పోవును. పడినచో వెంటనే మంచినీటితో కనీసము పావుగంట విడువక కడిగి ఆసుపత్రికి పోవలెను. రెసిన్ ఆవిరి మండునది. కావున పని జరుగు చోట బీడీ, చుట్ట, పొయ్యి ఏవియు ఉండరాదు. హార్డ్‌నరు తుడిచిన గుడ్డలను నీటి బకెటులో వేయుడు.

హార్డ్‌నరు కొలత రెసిన్ బరువులో నూటికి ఒకటి మొదలు రెండు వంతులు. మన వేసవిలో ఒక వంతు చాలును. అనగా 200 గ్రాముల రెసిన్‌కు 2 గ్రాములు. మందుల అంగడిలో దొరకు సిరంజి సూది తీసివేసి దానితో కొలిచిన సులభము. సుమారు 2 మిల్లీలీటర్లగును. “తొందరగా గట్టిపడును గదా” అని చేతి వాటమున పోయువారు గలరు. అట్టి జిగురు వేడెక్కి, పొగలు గ్రక్కి, పెళుసుబారి పగులును. మరీ తక్కువైన ఎన్ని దినములకును గట్టిపడదు. ఒక్కమారే డబ్బాడు కలుపక, పావుగంటలో వాడగలిగినంతయే కలుపుకొనుడు. మంచు ఆరిన పిదప ఉదయమున, పందిరి నీడన పని మేలు. నడియెండలో జిగురు కుంచె మీదనే గడ్డకట్టును.

ఫైబరు మ్యాట్ చదరపు మీటరుకు 300, 450 గ్రాముల బరువున దొరకును. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర వేసిన సుమారు ఒక మిల్లీమీటరు మందము వచ్చును. కావున 6 మిల్లీమీటర్లకు ఆరు పొరలు. మ్యాట్ బరువునకు రెండు మొదలు రెండున్నర రెట్లు రెసిన్ పట్టును. ముక్కలను ముందే క్రమముగ కత్తిరించి వరుసన పేర్చుకొనుడు. పెద్ద ముక్కను ముందు వేయవలెనా, చిన్నదానిని ముందు వేయవలెనా అను విషయమున పనివారిలో అభిప్రాయభేదము కలదు. మేము పెద్దదానినే ముందు వేయుదుము. అది పాత ఫైబరును వాలు పొడవునా పట్టుకొనును. తరువాత పైభాగమును నునుపు చేయునపుడు ఆ పట్టు తెగదు.

రంధ్రము ఆవలి నుండి చేయి అందినచో లోపల ప్లాస్టిక్ కాగితము చుట్టిన పలకను ఆనించి, బయటినుండి పొరలు వేయుడు. పడవ లోపల తేలుటకై థర్మాకోలు నింపిన చోట మాత్రము జాగ్రత్త. పాలిస్టరు రెసిన్ తగిలిన థర్మాకోలు మంచుగడ్డ వలె కరిగిపోవును. అతుకు పైకి నిలుచును గాని క్రింద బోలు ఏర్పడును. అట్టి చోట ఎపాక్సీ జిగురు వాడవలెను. దాని వెల హెచ్చు. అయినను అది థర్మాకోలును కరిగింపదు, పాత ఫైబరును గూడ మరింత గట్టిగ పట్టును.

రాచిన చోటును ఎసిటోన్‌తో తుడిచి, ఆరిన పిదప మొదట జిగురు పూసి, దానిపై మ్యాట్ పరచి, కుంచెతో పొడుచుచు తడిపి, ఇనుప రోలరుతో గాలి బుడగలను వెళ్ళగొట్టుడు. తెల్లగ కనబడు చోటు తడియని చోటు, లేక గాలి నిలిచిన చోటు. మూడు పొరలు వేసి, అవి గట్టిపడి చల్లారిన పిదప మిగిలిన మూడు వేయుడు. ఒక దినము దాటినచో మరల గరుకు కాగితముతో రాచి మొదలిడవలెను. లోపలివైపునను రెండు పొరలు రంధ్రమునకు మించి వేసిన మేలు. పైన జెల్‌కోటు పూయుదురు. మైనము కలుపని జెల్‌కోటు గాలి తగిలినంతకాలము జిగటగ నుండును. దానిపై ప్లాస్టిక్ కాగితము పరచి గాలి మూసినచో గట్టిపడును. ఇసుకపై నిత్యము ఈడ్చు పడవకు అడుగున వెన్ను వెంబడి మరి రెండు పొరలు అదనముగ వేయుట మా అలవాటు. రంగు అన్నిటికంటె చివర.

కొన్ని గంటలలోనే చేతికి గట్టిగ తోచినను పూర్తి బలము వచ్చుటకు వారము పట్టును. ఆ వారము పడవను ఈడ్చవద్దు, దానిపై వలలు వేయవద్దు.

శ్రీకాకుళం అన్నదమ్ములు వారము ఆగిరి. తల్లి ఆగునట్లు చేసెనని చెప్పిన సరిగ నుండును. ఎనిమిదవ దినమున కెరటములలోనికి గాక, ఏటిమొగ వద్ద నిలకడ నీటిలో పడవను దింపితిమి. ఇద్దరు మనుష్యులు, నాలుగు ఇసుక బస్తాలు ఎక్కించి గంటసేపు ఉంచితిమి. తరువాత లోపల చూడగా అడుగున పిడికెడు నీరు కనబడినది. తమ్ముని ముఖము పాలిపోయినది. గుడ్డతో తుడిచి, పొడి పిండి చల్లి, తడి ఎటనుండి వచ్చుచున్నదో కనిపెట్టితిమి. అతుకు చుట్టు పిండి పొడిగనే యున్నది. నీరు వెనుక పలకలో, ఎవరో పూర్వము వేసి తీసివేసిన మరమేకు రంధ్రమునుండి ఊరుచుండెను. తల్లి పిండి గిన్నె ఇంటికి తీసికొనిపోవుచు, ఆ రంధ్రమును గూడ వాలుగ చెక్కియే మూయవలెనా అని మమ్మడిగెను. అంత చిన్నదానికి అక్కరలేదనియు, లోపలి చెక్క పూర్తిగ ఆరిన పిదప ఎపాక్సీతో నింపిన చాలుననియు చెప్పితిమి. వారు పడవను మరల ఒడ్డునకు లాగి, ఇంకొక నాలుగు దినములు ఆరబెట్టిరి.